సహకార కిరాణా స్టోర్ తొలితరం కార్యదర్శి జీవితం రాయాలంటే

హైదరాబాద్‌లో పాత కాలనీల్లో, ఆఫీసు ప్రాంగణాల్లో, మిల్లుల పక్కన ఒకప్పుడు సహకార కిరాణా స్టోర్లు నడిచాయి. వాటిని నిలబెట్టినవాళ్ల గురించి ఇప్పుడు దొరికేది ఇంట్లో దండ వేసిన ఒక ఫోటో, ఒక సన్మానపత్రం, వార్షికోత్సవ సావనీరులో అరపేజీ. ఆ అరపేజీ నిండా 'నిస్వార్థ సేవ' ఉంటుంది. ఆ కార్యదర్శి పల్లా (120 సేర్లు) బియ్యం ఎంతకు కొన్నారో, ఉద్దెర (అరువు) అడిగిన సభ్యుడికి ఏం చెప్పారో, సరుకు తరుగు వచ్చిన ఏడాది ఏం చేశారో అందులో ఉండదు. కిరాణా నడిపిన మనిషి బతుకంతా ఆ లెక్కల్లోనే ఉంది. అందుకే ముందు పుస్తకాలు చదవాలి, తర్వాతే మనుషుల దగ్గరికి వెళ్లాలి. ఈ వరుస తిరగబడితే ఇంటర్వ్యూలో ఏం అడగాలో కూడా తెలియదు.

ముందు ఆయన హోదా తేల్చుకోండి

ఇంట్లోవాళ్లు 'మా తాతగారే స్టోర్ నడిపారు' అంటారు. అధ్యక్షుడా, గౌరవ కార్యదర్శా, జీతం తీసుకున్న మేనేజరా అన్నది తేలకుండా ఒక్క వాక్యం కూడా రాయకండి. గౌరవ కార్యదర్శి పగలు ఇంకో ఉద్యోగం చేసుకుని సాయంత్రం వచ్చి సంతకాలు పెట్టే మనిషి అయ్యుండవచ్చు. కొనుగోళ్లు, తూకం, సిబ్బంది మేనేజర్ చూసుకుని ఉంటారు. అధ్యక్షుడు సర్వసభ్య సమావేశంలో తప్ప కనిపించకపోవచ్చు. ఎవరు ఏం చేయాలో సంఘం ఉపవిధుల్లో (బైలాల్లో) రాసి ఉంటుంది. చెక్కు మీద ఎవరి సంతకం, ఎన్ని రూపాయల దాకా పాలకవర్గాన్ని అడగకుండా ఖర్చు పెట్టవచ్చు, కొనుగోలు ఉపసంఘంలో ఎవరెవరు అన్న మూడు సంగతులూ అక్కడ చూసి విడిగా రాసుకోండి. మంచిపని ఎవరి ఖాతాలో వేయాలో, తప్పు ఎవరిదో తర్వాత వీటిని బట్టే తేలుతుంది.

కాగితాలు ఎక్కడ దొరుకుతాయి

స్టోర్ ఇంకా నడుస్తుంటే అక్కడి బీరువాతో మొదలుపెట్టండి. తీర్మానాల పుస్తకం, వాటాల రిజిస్టరు, రోకడ (నగదు) పుస్తకం, స్టాక్ రిజిస్టరు, ఆడిట్ మెమోలు అడగాలి. అన్నీ దొరకవు. మూతపడిన సంఘానిదైతే చివరి కార్యదర్శి ఇంటి అటక మీద సంచిలో ఉండొచ్చు, లేదా లిక్విడేటర్‌కు (సంఘం మూసివేత చూసే అధికారికి) అప్పగించి ఉండొచ్చు. రెండూ కాకపోతే జిల్లా సహకార అధికారి ఆఫీసులో సంఘం ఫైలు ఉంటుంది.

ఆ ఫైలు ఏ జిల్లాలో ఉందన్న దగ్గరే చాలామంది దారి తప్పుతారు. రంగారెడ్డి జిల్లా 1978లో ఏర్పడింది. 2016 అక్టోబర్‌లో దాన్ని మళ్లీ విడదీశారు. మల్కాజిగిరి, కూకట్‌పల్లి వైపు స్టోర్ అయితే 1978కి ముందు కాగితం హైదరాబాద్ జిల్లాలో పుట్టి, తర్వాత రంగారెడ్డికి వెళ్లి, ఇప్పుడు మేడ్చల్–మల్కాజిగిరి ఆఫీసుకు చేరి ఉండాలి. చేరిందో లేదో అడిగితేనే తెలుస్తుంది. సంఘం పేరుతో పాటు రిజిస్ట్రేషన్ నంబరు, తేదీ ఇస్తే వెతికేవాళ్లకు పని సులువు. నంబరు సాధారణంగా పాత లెటర్‌హెడ్ మీదో, వాటా సర్టిఫికెట్ మీదో, రబ్బరు స్టాంపులోనో ఉంటుంది.

నోటిమాటతో పని కాకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. దాన్ని సంఘానికి పెడితే ఉపయోగం ఉండకపోవచ్చు. ప్రభుత్వ యాజమాన్యం గానీ, చెప్పుకోదగ్గ ప్రభుత్వ నిధులు గానీ లేని సహకార సంఘం ఆ చట్టం కిందికి రాదని 2013లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది. అయితే సహకార సంఘాల రిజిస్ట్రార్ దగ్గర ఉన్న, చట్టప్రకారం ఆయన తెప్పించుకోగలిగిన సమాచారం ఇవ్వాల్సిందేనని ఆ తీర్పే చెప్పింది. కాబట్టి దరఖాస్తు జిల్లా సహకార అధికారి ఆఫీసులోని పౌర సమాచార అధికారికి వెళ్లాలి. ఫీజు 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. 'సంఘం పూర్తి సమాచారం ఇవ్వండి' అని రాస్తే తిరిగొస్తుంది. 'ఫలానా నంబరు సంఘం రిజిస్ట్రేషన్ ఉత్తర్వు, తొలి ఉపవిధులు, ఫలానా ఏళ్ల ఆడిట్ రిపోర్టులు, సహకార సంఘాల చట్టం 51, 52 సెక్షన్ల కింద విచారణలు, తనిఖీలు జరిగి ఉంటే వాటి నివేదికలు' అని విడివిడిగా అడగండి. ఫైలు స్వయంగా చూసే అవకాశం కూడా కోరండి. మనం చూస్తుండగా తిరగేస్తేనే అడగాలని తట్టని కాగితాలు బయటపడతాయి. 20 ఏళ్లు దాటిన సంగతులకు చాలా మినహాయింపులు వర్తించవని సమాచార హక్కు చట్టంలోని 8(3) సెక్షన్ చెబుతుంది. ఆ నంబరు దరఖాస్తులోనే రాయండి.

1948కి ముందువాటికి తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌కు వెళ్లాలి. నిజాం ప్రభుత్వ కాగితాలు ఎక్కువగా ఉర్దూలో, అదీ గొలుసుకట్టు షికస్తా రాతలో ఉంటాయి. అచ్చు ఉర్దూ చదవగలిగినవాళ్లందరూ షికస్తా చదవలేరు. పాత దస్తావేజులు చదివే అలవాటున్నవాళ్లను వెంట తీసుకెళ్లండి. నియామకాలు, ఉత్తర్వులు 'జరీదా' అనే ప్రభుత్వ గెజిట్‌లో వచ్చేవి. పత్రికల్లో 1926 నుంచి గోలకొండ పత్రిక చూడండి. సుల్తాన్ బజార్ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, అఫ్జల్‌గంజ్ రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రం మూడూ తిరగాల్సిందే. ఒకచోట లేని సంచిక ఇంకోచోట దొరుకుతుంది.

పాత పుస్తకం చేతికొస్తే జెరాక్స్ తీయించకండి, కుట్టు తెగిపోతుంది. కిటికీ పక్కన బల్ల మీద పెట్టి, ఫ్లాష్ లేకుండా, ఫోన్ నిటారుగా పైనుంచి పట్టి ఫోటో తీయండి. పేజీ పక్కన ఒక స్కేలు పెట్టండి. ఖాళీ పేజీలు కూడా తీయాలి. మధ్యలో పేజీ చింపేశారా, అసలు రాయలేదా అన్న అనుమానం తర్వాత తప్పకుండా వస్తుంది. పేజీ నంబర్లు లేకపోతే మెత్తటి పెన్సిల్‌తో మూలన వేయండి, పెన్ను వద్దు. చినిగినచోట సెల్లోటేప్ అంటించకండి. కొన్నేళ్లకు జిగురు పసుపెక్కి సిరాను మింగేస్తుంది.

తేదీలు, నాణేలు, తూకాలు

హైదరాబాద్ పుస్తకాల్లో అన్నిటికంటే ఎక్కువ తప్పులు ఇక్కడే జరుగుతాయి. నిదానంగా చదవండి.

నిజాం రాజ్యంలో ఫస్లీ అనే సర్కారీ (రెవెన్యూ) సంవత్సరం అక్టోబర్ మొదట్లో ఆజుర్ నెలతో మొదలయ్యేది. ఆజుర్, దై, బహ్మన్ తేదీలకు ఫస్లీకి 590 కలపండి. బహ్మన్ చివర్లో జనవరి 1 వస్తుంది, అక్కడి నుంచి 591 కలపాలి. అంటే 1345 ఫస్లీ 1935 అక్టోబర్‌లో మొదలై 1936 అక్టోబర్‌లో ముగిసింది. మద్రాసు వైపు ఫస్లీ జూలైలో మొదలవుతుంది. కోస్తా లెక్కకు అలవాటుపడినవాళ్లు ఆ అలవాటుతో హైదరాబాద్ తేదీలు మారిస్తే మూడు నెలల తేడా వస్తుంది. దీనిమీద సహకార సంవత్సరం ఒకటి ఉంది. పాత సంఘాల లెక్కలు జూలై 1 నుంచి జూన్ 30 దాకా ఉండేవి. '1958–59 లాభం' అంటే 1959 జూన్ 30న మూసిన లెక్క. దాన్ని మార్చి నెలాఖరు లెక్క అనుకుంటే, ఆయన పదవిలోకి రాకముందు నష్టాన్ని ఆయన నెత్తిన వేసినవాళ్లమవుతాం.

డబ్బు కూడా రెండు రకాలు. హాలీ సిక్కా నిజాం రూపాయి, కల్దార్ బ్రిటిష్ ఇండియా రూపాయి. 7 హాలీలకు 6 కల్దార్లు. పుస్తకంలో ఒట్టి 'రూ.' అని ఉంటే అది దేనిదో మొదటి పేజీలోనో, బ్యాంకు జమల దగ్గరో తేల్చుకోండి. బయటి రాష్ట్రం నుంచి సరుకు తెప్పిస్తే బిల్లు కల్దార్‌లో, అమ్మకం హాలీలో ఉండొచ్చు. చూడని కళ్లకు నష్టం లాభంలా కనిపిస్తుంది. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. 1957 ఏప్రిల్ 1 నుంచి నయాపైసలు, రూపాయికి 100. ఆ ఏడాది పుస్తకంలో పేజీ మధ్యలోనే లెక్క మారుతుంది.

తూకం: 80 తులాలు ఒక సేరు, సుమారు 933 గ్రాములు. 40 సేర్లు ఒక మణుగు, సుమారు 37.3 కిలోలు. 120 సేర్లు ఒక పల్లా, దాదాపు 112 కిలోలు. కిలోలు 1958 తర్వాత అంచెలంచెలుగా వచ్చాయి. కొత్త బాట్లు (తూకపు రాళ్లు), కొత్త తరాజు కొన్న ఖర్చు రోకడ పుస్తకంలో పడి ఉంటుంది. ఆ పద్దు దొరికితే ఆ స్టోర్‌లో సేరు పోయి కిలో వచ్చిన రోజు దొరికినట్టే. కొలపాత్రతో కొలిచే సేరు, తూచే సేరు ఒకటి కావు. 'సేరు నూనె' అన్నప్పుడు ఏదో చూసుకోండి.

ఒక్క పేజీ చదివి చూద్దాం

ఊహకు ఒక లెక్క వేసుకుందాం. స్టాక్ రిజిస్టరులో బియ్యం ఒక పల్లా, కొన్న ధర 70 హాలీ రూపాయలు. సేరుకు 9 అణాల 4 పైలు పడింది. (కల్దార్‌లో పల్లా 60 రూపాయలు, సేరు సరిగ్గా 8 అణాలు.) అమ్మిన ధర సేరు 10 అణాలు. మొత్తం అమ్ముడుపోతే 1200 అణాలు, అంటే 75 రూపాయలు. లాభం 5 రూపాయలు. ఇందులోంచే బేగంబజార్ టోకు మార్కెట్ నుంచి బండి కిరాయి, హమాలీ, కూలి, అద్దె అన్నీ పోవాలి.

ఇప్పుడు తరుగు రెండు సేర్లు అనుకుందాం. సంచి చిరుగులో కారింది, ఎలుక తింది, తూచేటప్పుడు తక్కెడ కాస్త సభ్యుడి వైపు మొగ్గింది. అమ్మింది 118 సేర్లే. చేతికొచ్చింది 73 రూపాయల 12 అణాలు. 5 రూపాయల లాభం 3 రూపాయల 12 అణాలయింది. పల్లాలో రెండు సేర్లు పోతే లాభంలో నాలుగో వంతు పోయింది. ఇది ఒకసారి చేత్తో వేసి చూస్తే, తీర్మానాల పుస్తకంలో 'తరుగు నూటికి ఒకటి దాటితే గుమాస్తా జవాబు చెప్పాలి' వంటి మాట కనిపించినప్పుడు ఆ కార్యదర్శి దేనికోసం అంత పట్టు పట్టారో మీకే తెలుస్తుంది.

తరుగు పేజీలో మూడు సంగతులు చూడండి. ఒకటి, ఏ సరుకులో ఎక్కువ వచ్చింది. బెల్లం, చింతపండు ఎండి బరువు తగ్గుతాయి, అది సహజం. కందిపప్పులో ఎక్కువ తరుగు ఉంటే పురుగైనా కావాలి, చేతివాటమైనా కావాలి. రెండు, ప్రతినెలా ఒకే అంకె ఉందా. ప్రతినెలా కచ్చితంగా ఒకే తరుగు వస్తే సరుకు తూచకుండా రాసినట్టు. మూడు, స్టాక్ సరిచూసిన సంతకం ఎవరిది. సరుకు చేతిలో ఉన్నవాడే సరిచూసి సంతకం పెడితే ఆ లెక్కకు విలువ లేదు.

సహకార స్టోర్లకు దారి చూపిన ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో 28 మంది కలిసి 1844 డిసెంబర్ 21న టోడ్ లేన్‌లో అంగడి తెరిచినప్పుడు అమ్మింది వెన్న, చక్కెర, గోధుమపిండి, ఓట్ పిండి, కొవ్వొత్తులు మాత్రమే. అమ్మే పని శామ్యూల్ ఆష్‌వర్త్‌ది, క్యాషియర్ విలియం కూపర్. సరుకు ఒకరి చేతిలో, డబ్బు ఇంకొకరి చేతిలో. అంత చిన్న అంగడిలోనే ఆ పని విడదీశారు. మీరు రాస్తున్న కార్యదర్శి తన స్టోర్‌లో ఇది చేశారా, ఏ ఏడాది చేశారు, దేని తర్వాత చేశారు అన్నది తప్పక వెతకండి. సాధారణంగా ఒక పెద్ద తరుగు తర్వాతో, ఒక గుమాస్తా మానేసిన తర్వాతో ఈ తీర్మానం వస్తుంది.

ఉద్దెర

రాచ్‌డేల్‌వాళ్లు నగదుకే అమ్మారు, మిగిలిన లాభాన్ని సభ్యుల కొనుగోళ్లను బట్టి పంచారు. మన దగ్గర నెల జీతం మీద బతికే సభ్యులకు ఉద్దెర లేకుండా స్టోర్ నడపడం కష్టం. బజారులోని కిరాణా సేటు ఉద్దెర ఇస్తుంటే, సొంత స్టోర్ ఇవ్వదా అని సభ్యుడు అడుగుతాడు. కార్యదర్శికి అసలు పరీక్ష అది. ఇస్తే సరుకు కొనడానికి డబ్బు ఉండదు, ఇవ్వకపోతే సభ్యుడు రాడు.

కొలవడానికి తేలిక దారి ఉంది. ఏడాది అమ్మకాన్ని 365తో భాగించండి, రోజు సగటు వస్తుంది. జూన్ 30న రావాల్సిన ఉద్దెర బాకీని దానితో భాగించండి. అమ్మకం 54,750 అయితే రోజుకు 150. బాకీ 4,500 అయితే 30 రోజుల ఉద్దెర. ఉద్యోగుల స్టోర్‌లో జీతంలోంచి కోత ఉంటే 30 రోజులు మామూలే. అది ఏటేటా 45, 70, 100 అవుతూ పోతే స్టోర్ లోపల్లోపల కుళ్లుతోందని అర్థం, పైకి లాభం చూపిస్తున్నా సరే. ఈ అంకెను ఆయన పదవిలో ఉన్న ప్రతి ఏడాదికీ వేసి వరుసగా రాయండి. సావనీరు పొగడ్తలన్నీ ఒకవైపు, ఈ ఒక్క వరుస ఒకవైపు.

బాకీదారుల జాబితాలో పాలకవర్గ సభ్యుల పేర్లు ఉన్నాయేమో చూడండి. ఉంటే, వాళ్ల మీద ఆయన నోటీసు పంపారో లేదో చూడండి. తోటి డైరెక్టరుకు నోటీసు పంపిన కార్యదర్శి గురించి ఒక పేరా కాదు, ఒక పేజీ రాయవచ్చు. బతికున్నవాళ్ల, వాళ్ల పిల్లల పేర్లు మాత్రం అచ్చులోకి తేకండి.

ఆయన చేతిలో లేనివి

స్టోర్ పెరగడానికి, కూలడానికి బయటి కారణాలు ఉంటాయి. అవి తెలియకపోతే గాలివాటాన్ని ఆయన ప్రతిభగా రాసేస్తాం. రెండో ప్రపంచయుద్ధం కొరతల్లో దేశమంతటా సహకార స్టోర్లు పుట్టుకొచ్చాయి. కంట్రోల్ సరుకు (ప్రభుత్వం ధర, కోటా కట్టిన సరుకు) పంచే పని వాటికి దొరికింది. 1952–54 మధ్య ధాన్యం కంట్రోళ్లు ఎత్తేయగానే చాలా స్టోర్లు పడిపోయాయి. ఆ రెండేళ్లు తట్టుకుని నిలిచిన స్టోర్ అయితే ఎలా నిలిచిందో తవ్వండి, ఈ జీవితంలో బంగారం అక్కడే ఉంటుంది. 1962లో చైనా యుద్ధం తర్వాత కేంద్రం వినియోగదారుల సహకార స్టోర్లకు పథకం తెచ్చింది. 1965లో జాతీయ వినియోగదారుల సహకార సమాఖ్య ఏర్పడింది. 1966 జూన్‌లో రూపాయి విలువ తగ్గించాక నగరాల్లో సూపర్ బజార్లు వచ్చాయి. చట్టం కూడా మారింది. 1952 హైదరాబాద్ సహకార సంఘాల చట్టం పోయి 1964 ఆంధ్రప్రదేశ్ సహకార సంఘాల చట్టం వచ్చింది. ఏ చట్టం కింద ఎన్నికయ్యారో, ఏ చట్టం కింద ఆడిట్ అయిందో సరిగ్గా రాయండి.

పెద్ద తెల్లకాగితం మీద ఆరు గడులు గీయండి: ఇంగ్లీషు సంవత్సరం, ఫస్లీ, ఆయన పదవి, స్టోర్‌లో జరిగింది, బయట జరిగింది, ఆధారం. చివరి గడి ఖాళీగా ఉన్న సంగతి పుస్తకంలోకి రాకూడదు.

51 విచారణ కనిపిస్తే

1964 చట్టంలో 50 ఆడిట్, 51 విచారణ, 52 తనిఖీ, 60 సర్‌చార్జి (సంఘానికి కలిగిన నష్టాన్ని బాధ్యుల నుంచి రాబట్టడం), 64 సంఘం మూసివేత. ఫైలులో '51' కనబడగానే దొంగతనం అనుకోకండి. సభ్యుల్లో ఒక వర్గం కోరినా విచారణ వేస్తారు. విచారణ ఉత్తర్వు, నివేదిక, కార్యదర్శి ఇచ్చిన వివరణ, తుది ఉత్తర్వు నాలుగూ చదివాకే రాయాలి. 60 కింద సర్‌చార్జి పడితే ఎంత, కట్టారా, అప్పీలులో కొట్టేశారా చూడండి. మధ్యలో ఒక కాగితం దొరక్కపోతే దొరికినంతవరకే రాసి ఆపండి. ఇంట్లోవాళ్లు ఈ అధ్యాయం వద్దంటారు. ఓపికగా చెప్పండి: వివరణ పత్రంలో ఆయన గొంతు ఉంటుంది, ఆయన సొంత మాటలు ఇంకెక్కడా దొరకవు.

మనుషులతో మాట్లాడటం

ముందు తూకం వేసినవాళ్లు, హమాలీలు, గుమాస్తాల దగ్గరికి వెళ్లండి. కుటుంబం దగ్గరికి చివర్లో. పెద్దవాళ్లను తాతా, పెద్దమ్మా, చాచా అని వాళ్లింటి పద్ధతిలో పిలవండి, గంటకు మించి కూర్చోబెట్టకండి. 'ఆయన ఎలాంటివారు' అని అడిగితే 'దేవుడు' అంటారు, అక్కడితో మాట ఆగిపోతుంది. 'పొద్దున తాళం ఎవరు తీసేవారు? పల్లినూనె డబ్బా ఎక్కడ పెట్టేవారు? గాసనూనె (కిరోసిన్) లైను ఎంత దూరం ఉండేది? బేగంబజార్‌కు సరుకుకు ఎవరు పోయేవారు, ఉస్మాన్‌గంజ్‌కు ఎప్పుడు పోయేవారు? పండగ ముందు చక్కెర తక్కువపడితే ఎవరికి ముందు ఇచ్చేవారు?' అని అడగండి. చివరి ప్రశ్న దగ్గర చాలామంది ఒక్క క్షణం ఆగుతారు. తొందరపెట్టకండి.

ఒక జాగ్రత్త. 'కంట్రోల్ దుకాణం' అన్నప్పుడు అది రేషన్ షాపా, సహకార స్టోరా అని వెంటనే అడగండి. రెండూ ఒకే గదిలో నడిచిన చోట్లు ఉన్నాయి, జ్ఞాపకంలో రెండూ కలిసిపోతాయి. పేర్ల విషయంలోనూ అంతే. ఉర్దూ కాగితంలో ఇంటిపేరు ఉండకపోవచ్చు, తెలుగు పేరు గుర్తుపట్టలేనట్టు మారొచ్చు. సంతకంతో, వాటా నంబరుతో సరిపోల్చుకున్నాకే ఒకే మనిషి అని నిర్ధారించండి.

రాయడం అయ్యాక అచ్చుకు ముందు తరుగు, ఉద్దెర, విచారణ ఉన్న పేజీలు కుటుంబానికి చదివి వినిపించండి. తేదీల తప్పులు వాళ్లే పడతారు. ఫోటోలు తీసిన పేజీలన్నీ రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి కుటుంబానికి, ఒకటి గ్రంథాలయానికి ఇవ్వండి. ఏ పుస్తకం ఎవరి దగ్గర ఉందో ఒక కాగితం మీద రాసి రెండిటికీ జతచేయండి. అసలు పుస్తకాలను నేలకు అడుగు ఎత్తున, గోడకు తగలకుండా, చెదలు రాని ఇనుప బీరువాలో పడుకోబెట్టి పెట్టమని చెప్పండి. నిలబెడితే బరువుకు కుట్లు జారి పేజీలు ఊడతాయి.